కెమెరా ఫర్మ్‌వేర్ అప్‌డేట్: ఎప్పుడు చేయాలి, ఎలా చేయాలి, మధ్యలో ఆగిపోతే ఏం చేయాలి

అన్నిటికంటే ముందు ఒక మాట, రేపు ముహూర్తం షూట్ పెట్టుకుని ఈ రాత్రి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయకండి. అప్‌డేట్ మంచిదా కాదా అన్నది తర్వాత, అసలు ఏ రోజు చేస్తున్నాం అన్నదే ఇందులో సగం పని. మన దగ్గర పెళ్ళిళ్ళు తీసేవాళ్ళకి ఆషాఢం ఉంది, మూఢం వచ్చే రోజులున్నాయి, చేతిలో ఆర్డర్లు తక్కువుంటాయి, బాడీలు (లెన్స్ కాకుండా కెమెరాలు) బీరువాలో ఉంటాయి, అప్పుడు కూర్చుని తీరిగ్గా చేసుకుంటే ఏదన్నా తేడా వచ్చినా సర్వీస్ సెంటర్‌కి పంపి తెప్పించుకునే టైమ్ ఉంటుంది. శ్రావణం మొదలయ్యాక చేస్తే ఆ టైమ్ ఉండదు. సరదాకి ఫొటోలు తీసుకునేవాళ్ళు కూడా టూర్‌కి బయల్దేరే ముందు రోజు కాకుండా ఇంకెప్పుడైనా చేయండి.

ఫర్మ్‌వేర్ అంటే కెమెరా లోపల ఉండే సాఫ్ట్‌వేరే. ఫోకస్ ఎక్కడ పట్టాలి, కార్డులోకి ఎంత స్పీడుగా రాయాలి, లెన్స్‌తో ఎలా మాట్లాడాలి, మెనూలో ఏం కనపడాలి, వైఫై ఎలా కలవాలి, ఇవన్నీ అదే చూసుకుంటుంది. అందుకే ఒక్కోసారి అప్‌డేట్‌తో కెమెరా నిజంగానే మారిపోతుంది. క్యానన్ 7డికి 2012లో వెర్షన్ 2 వచ్చినప్పుడు వరసగా కొట్టే రా ఫొటోల (సెన్సార్ చూసిందంతా ఎడిటింగ్ కోసం అలాగే దాచే ఫైళ్ళ) సంఖ్య పెరిగింది, ఆటో ఐఎస్‌ఓకి (వెలుగుని బట్టి కెమెరా తనే మార్చుకునే సెన్సిటివిటీకి) మనం లిమిట్ పెట్టుకునే వీలొచ్చింది. 5డి మార్క్ 3కి 2013లో క్లీన్ హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్ (స్క్రీన్ మీది గుర్తులేవీ లేకుండా వట్టి వీడియో బయటికి పంపడం) ఇచ్చారు, ఎఫ్8 దగ్గర (లెన్స్‌లోంచి వెలుగు తక్కువ వచ్చినప్పుడు) ఆటోఫోకస్ కూడా ఇచ్చారు, అంటే టెలీ లెన్స్‌కి ఎక్స్‌టెండర్ (దూరంగా ఉన్నదాన్ని ఇంకా దగ్గరగా చూపించే అదనపు ముక్క) తగిలించి పక్షులు తీసేవాళ్ళకి పెద్ద ఊరట. సోనీ ఏ7 త్రీకి 2019లో వచ్చిన 3.0తో జంతువుల కళ్ళ మీద కూడా ఫోకస్ పట్టుకోవడం మొదలైంది. నికాన్ జెడ్9కి 2022లో వచ్చిన 2.0తో 8.3కే రా వీడియో సెకనుకి 60 ఫ్రేముల్లో కెమెరాలోనే రికార్డ్ అవడం మొదలైంది. వీటికి ఎవరూ ఒక్క రూపాయి అదనంగా కట్టలేదు.

కానీ ఫర్మ్‌వేర్ చేయలేనివి కూడా తెలిసుండాలి, ఎందుకంటే చాలామంది ప్రతి సమస్యకీ అప్‌డేట్ కొట్టేస్తారు. సెన్సార్ మీద దుమ్ము చుక్కలు, అరిగిపోయిన షట్టర్, లెన్స్ లోపల పట్టిన ఫంగస్ (వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఇది మరీ ఎక్కువ), కింద పడి వంగిన మౌంట్ (లెన్స్ తగిలించే రింగు), వీటిల్లో ఏదీ అప్‌డేట్‌తో పోదు. ఫొటో సాఫ్ట్‌గా (మసకగా) వస్తోందంటే ముందు లెన్స్ తుడవండి, షట్టర్ స్పీడ్ చూడండి, ఫోకస్ మోడ్ చూడండి, వేరే లెన్స్ పెట్టి చూడండి.

చేయాలా వద్దా

ప్రతి అప్‌డేట్‌తో పాటు కంపెనీ ఒక చిన్న నోట్ ఇస్తుంది, ఈ వెర్షన్‌లో ఏమేం మార్చాం అని. అది చదవకుండా డౌన్‌లోడ్ బటన్ నొక్కొద్దు. మీకు వస్తున్న సమస్య అందులో ఉందా, మీరు వాడే లెన్స్ పేరు ఉందా, మీకు పనికొచ్చే కొత్త ఫీచర్ ఉందా చూడండి. ఉంటే చేయండి. "కొన్ని భాషల్లో స్పెల్లింగ్ సరిచేశాం" అని మాత్రమే ఉంటే తొందర లేదు, ఖాళీ ఉన్నప్పుడు చూసుకోవచ్చు.

సెక్యూరిటీ అప్‌డేట్ అయితే మాత్రం నా సలహా వేరు. 2019 ఆగస్టులో చెక్ పాయింట్ అనే సంస్థ పరిశోధకులు క్యానన్ 80డి లోకి వైఫై ద్వారా దూరి, కార్డులో ఉన్న ఫొటోలన్నీ తెరుచుకోకుండా లాక్ చేసి చూపించారు, క్యానన్ దానికి ఫర్మ్‌వేర్‌తోనే రిపేర్ ఇచ్చింది. ఫంక్షన్ హాల్లో, ఎయిర్‌పోర్టులో కెమెరా వైఫై ఆన్ చేసేవాళ్ళు ఇలాంటి వాటిని వాయిదా వేయొద్దు.

కొత్త వెర్షన్ వచ్చిన రోజే ఎక్కించుకోవడం కూడా నేను ఒప్పుకోను. 2010 మార్చిలో క్యానన్ 5డి మార్క్ 2కి 2.0.3 వచ్చింది, సెకనుకి 24, 25 ఫ్రేముల వీడియో వస్తుందని అందరూ దానికోసమే ఎదురుచూస్తున్నారు, తీరా వచ్చాక వీడియోలో ఆడియో రికార్డింగ్ సమస్య బయటపడి కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుని 2.0.4 ఇచ్చింది. అంత పెద్ద కంపెనీకే అలా జరిగింది కాబట్టి రెండు మూడు వారాలు ఆగండి, అదే మోడల్ వాడేవాళ్ళు ఏమంటున్నారో కనుక్కోండి, అప్పుడు చేయండి. ఎందుకింత జాగ్రత్త అంటే చాలా కెమెరాల్లో ఒకసారి పైకి వెళ్ళాక పాత వెర్షన్‌కి దిగడం మామూలు పద్ధతిలో కుదరదు.

ఇప్పుడున్న వెర్షన్ చూసుకోవడం

క్యానన్‌లో మెనూలో స్పానర్ గుర్తున్న ట్యాబ్‌లో ఫర్మ్‌వేర్ అని ఉంటుంది. కనపడకపోతే మోడ్ డయల్ పచ్చ ఆటో మీద ఉందేమో చూడండి, పీ లేదా ఎం (సెట్టింగ్స్ మన చేతికిచ్చే మోడ్‌లు) మీదకి తిప్పితే వస్తుంది, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నికాన్‌లో సెటప్ మెనూ అడుగున ఫర్మ్‌వేర్ వెర్షన్, డీఎస్‌ఎల్‌ఆర్‌లలో (లోపల అద్దం ఉండే కెమెరాల్లో) అక్కడ సీ, ఎల్ అని రెండు వరసలు కనపడొచ్చు, సీ అంటే కెమెరాది, ఎల్ అంటే లెన్స్ వల్ల ఫొటోలో వచ్చే వంపుల్ని సరిచేసే డేటాది, రెండూ వేరు వేరుగా అప్‌డేట్ అవుతాయి. సోనీలో సెటప్‌లో వెర్షన్. ఫ్యూజీలో డిస్ప్/బ్యాక్ బటన్ నొక్కి పట్టుకుని కెమెరా ఆన్ చేస్తే బాడీది, లెన్స్‌ది కనపడతాయి.

డౌన్‌లోడ్

కంపెనీ సొంత సైట్ నుంచి మాత్రమే. యూట్యూబ్ వీడియో కింద ఇచ్చిన డ్రైవ్ లింకులు, టెలిగ్రామ్ గ్రూపుల్లో పెట్టే ఫైళ్ళు దయచేసి వద్దు. మోడల్ పేరు అక్షరం అక్షరం సరిచూడండి, 6డి వేరు 6డి మార్క్ 2 వేరు, నికాన్ జెడ్6, జెడ్6 2, జెడ్6 3 మూడూ వేరు. సోనీ అయితే బాడీ అడుగున ఉండే అసలు మోడల్ నంబర్ చూసుకోవడం మంచిది, ఏ7 త్రీ అని మనం పిలిచేది అక్కడ ఐఎల్‌సీఈ-7ఎం3 అని ఉంటుంది.

వచ్చేది చాలాసార్లు జిప్ ఫైల్, దాన్ని విప్పితే లోపల అసలు ఫైల్ ఉంటుంది. నికాన్ వాళ్ళు విండోస్‌కి ఒక ప్రోగ్రామ్‌లా ఇస్తారు, రెండుసార్లు క్లిక్ చేస్తే అదే ఒక ఫోల్డర్‌లోకి విప్పుకుంటుంది. చివరికి క్యానన్‌కైతే డాట్ ఎఫ్‌ఐఆర్, నికాన్‌కైతే డాట్ బిన్, ఫ్యూజీ, సోనీలకైతే డాట్ డీఏటీ అని ముగిసే ఫైల్ మీ చేతికి రావాలి. జిప్‌నే అలా కార్డులో పడేస్తే కెమెరాకి ఏమీ కనపడదు.

ఫైల్ పేరు అస్సలు మార్చొద్దు. ఇక్కడొక చిన్న తిరకాసుంది, అదే ఫైల్‌ని రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే బ్రౌజర్ దానంతటదే పేరు చివర బ్రాకెట్లో 1 అని తగిలిస్తుంది, ఫ్యూజీ, సోనీ లాంటివి ఒక ఖచ్చితమైన పేరు కోసమే వెతుకుతాయి (కొత్త సోనీల్లో అది బాడీడేటా అనే పేరు), బ్రాకెట్ ఉంటే ఫైల్ లేదనే అంటాయి. అలా జరిగితే పాతవన్నీ తీసేసి మళ్ళీ ఒక్కసారి డౌన్‌లోడ్ చేయండి.

సిద్ధం చేసుకోవడం

బ్యాటరీ ఫుల్ చార్జ్ ఉండాలి, ఒరిజినల్ బ్యాటరీ అయ్యుండాలి. లోకల్ బ్యాటరీల్లో ఫుల్ అని చూపించి సడెన్‌గా పడిపోయేవి ఉంటాయి, షూట్‌లో అయితే బ్యాటరీ మార్చేస్తాం, అప్‌డేట్ మధ్యలో పడిపోతే బాడీయే పోవచ్చు. బ్యాటరీ గ్రిప్ (అడుగున తగిలించే అదనపు బ్యాటరీల పట్టు) ఉంటే తీసేసి బాడీలోకి నేరుగా ఒక్క బ్యాటరీ పెట్టండి. ఫ్లాష్, ట్రిగ్గర్ (ఫ్లాష్‌ని దూరం నుంచి వెలిగించేది), మైక్, హెచ్‌డీఎంఐ వైరు అన్నీ తీసేయండి.

కార్డులో ఉన్న ఫొటోలు ముందు కంప్యూటర్లోకి, ఇంకో హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని, తర్వాత కార్డుని అదే కెమెరాలో ఫార్మాట్ చేయండి, కంప్యూటర్లో కాదు. 32 జీబీ వరకు కార్డులు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి, 64 జీబీ నుంచి ఎక్స్‌ఫ్యాట్, పాత కెమెరాలు కొన్నిటికి ఎక్స్‌ఫ్యాట్ అర్థం కాదు. అందుకే అప్‌డేట్ల కోసం ఒక మంచి కంపెనీ 16 లేదా 32 జీబీ ఎస్‌డీ కార్డు పక్కన పెట్టుకోమంటాను. రెండు స్లాట్లుంటే స్లాట్ 1లోనే పెట్టండి. కార్డు పక్కన చిన్న లాక్ ఉంటుంది, అది కిందికి జారి ఉంటే ఫైల్ కాపీ అవ్వదు.

సెట్టింగ్స్ సంగతి చాలామంది మర్చిపోతారు, నాకైతే ఇది చాలా ముఖ్యం. కొన్ని అప్‌డేట్లు అన్నిటినీ మొదటికి తెచ్చేస్తాయి, మీరు ఏళ్ళ తరబడి బటన్లకి కుదుర్చుకున్నవి, సీ1 సీ2 (మోడ్ డయల్ మీద మన సొంత సెట్టింగ్స్ దాచుకునే చోట్లు) లో పెట్టుకున్నవి, వైఫై పాస్‌వర్డ్‌లు అన్నీ పోతాయి. చాలా నికాన్‌లలో, కొన్ని సోనీల్లో, క్యానన్ పెద్ద బాడీలు కొన్నిటిలో సెట్టింగ్స్‌ని కార్డులోకి సేవ్ చేసే ఆప్షన్ ఉంది, వాడండి, ఆ ఫైల్‌ని కంప్యూటర్లోకి కూడా తీసి పెట్టుకోండి. ఎందుకంటే వెర్షన్ మారాక పాత సెట్టింగ్స్ ఫైల్‌ని కెమెరా తీసుకోకపోవచ్చు, అందుకే దాంతో పాటు మెనూ పేజీలన్నీ ఫోన్‌తో ఒక్కొక్కటే ఫొటో తీసి పెట్టుకోండి, పది నిమిషాల పని.

అసలు అప్‌డేట్

కార్డుని కార్డ్ రీడర్‌లో పెట్టి కంప్యూటర్లో తెరిస్తే డీసీఐఎం లాంటి ఫోల్డర్లు కనపడతాయి, వాటి లోపలికి వెళ్ళకుండా బయటే, అదే లెవెల్లో, ఫర్మ్‌వేర్ ఫైల్ పేస్ట్ చేయండి. సగం సమస్యలు ఇక్కడే, ఫైల్ ఏదో ఒక ఫోల్డర్ లోపల పడి ఉంటుంది. కాపీ అయ్యాక కార్డుని లాగేయకుండా ఇజెక్ట్ కొట్టి తీయండి.

క్యానన్: డయల్ పీ మీద పెట్టి, మెనూలో ఫర్మ్‌వేర్‌లోకి వెళ్ళి ఓకే కొడితే కార్డులో ఉన్న వెర్షన్ చూపిస్తుంది, ఎంచుకుని మళ్ళీ ఓకే. నికాన్: సెటప్ మెనూలో ఫర్మ్‌వేర్ వెర్షన్‌లోకి వెళ్తే, ఫైల్ సరిగ్గా ఉంటే అప్‌డేట్ అనే వరస కొత్తగా కనపడుతుంది. ఫ్యూజీ: డిస్ప్/బ్యాక్ పట్టుకుని ఆన్ చేసి బాడీ ఎంచుకోండి. లెన్స్‌కి కూడా ఇదే దారి, ఆ లెన్స్ తగిలించి లెన్స్ అన్నది ఎంచుకోవాలి. కొత్త సోనీలు: సెటప్‌లో వెర్షన్ దగ్గర సాఫ్ట్‌వేర్ అప్‌డేట్.

పాత సోనీలకి, అంటే ఏ7 త్రీ తరం వాటికి, కార్డు పద్ధతి లేదు, కంప్యూటర్లో సోనీ అప్‌డేటర్ ప్రోగ్రామ్ నడిపి యూఎస్‌బీ వైరుతో కలపాలి. కెమెరాలోంచి కార్డు తీసేయండి, యూఎస్‌బీ కనెక్షన్ మాస్ స్టోరేజ్ మీద పెట్టండి, ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్ళకుండా సెట్ చేయండి. డెస్క్‌టాప్ కంటే ల్యాప్‌టాప్ మేలు, కరెంటు పోయినా ఆగదు. కొత్త మ్యాకుల్లో ఈ పాత ప్రోగ్రామ్ మొండికేస్తుంది, దాంతో గంటలు పోరాడే బదులు ఎవరిదైనా విండోస్ ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకోవడమే సుఖం.

ఈమధ్య వచ్చే కెమెరాలు కొన్ని నికాన్ స్నాప్‌బ్రిడ్జ్, క్యానన్ కెమెరా కనెక్ట్, సోనీ క్రియేటర్స్ యాప్ లాంటి ఫోన్ యాప్‌ల నుంచి కూడా అప్‌డేట్ తీసుకుంటున్నాయి, సులువే గానీ వైఫై మధ్యలో తెగితే మళ్ళీ మొదటికి వస్తుంది కాబట్టి నా ఓటు కార్డు పద్ధతికే.

మొదలయ్యాక ఇక ఏ బటనూ ముట్టుకోవద్దు. స్విచ్ ఆఫ్ చేయొద్దు, కార్డు డోర్ తెరవొద్దు, బ్యాటరీ డోర్ అసలే తెరవొద్దు. కెమెరాని బల్ల మీద పెట్టి పిల్లలకి అందకుండా చూసుకోండి. సోనీల్లో మధ్యలో స్క్రీన్ మొత్తం నల్లగా అయిపోతుంది, భయపడి ఆఫ్ చేసేవాళ్ళు ఎక్కువ, కార్డు దగ్గర లైటు వెలుగుతూ ఆరుతూ ఉందంటే పని జరుగుతున్నట్టే. మామూలుగా కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, అయ్యాక పూర్తయిందని చెప్తుంది. అప్పుడు ఆఫ్ చేసి, బ్యాటరీ తీసి పెట్టి, ఆన్ చేసి, వెర్షన్ మారిందో లేదో చూసి, కార్డుని మళ్ళీ ఫార్మాట్ చేయండి.

ఫైల్ కనపడట్లేదంటే

ఈ వరసలో చూడండి: ఫైల్ ఫోల్డర్ బయట ఉందా, జిప్ విప్పారా, పేరులో బ్రాకెట్ ఉందా, మోడల్ సరైనదేనా, కార్డు స్లాట్ 1లో ఉందా, కార్డు ఆ కెమెరాలోనే ఫార్మాట్ చేశారా, బ్యాటరీ ఫుల్ ఉందా. బ్యాటరీ తక్కువుంటే చాలా కెమెరాలు అప్‌డేట్ వరసనే నొక్కనివ్వవు. ఇంకొకటి, ఇప్పుడున్న వెర్షన్, కార్డులో ఉన్న వెర్షన్ ఒకటే అయితే కూడా చేయడానికి ఏమీ లేదనే అంటుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా కనపడకపోతే కార్డు మార్చండి, డౌన్‌లోడ్ మళ్ళీ చేయండి, నెట్ మధ్యలో తెగితే ఫైల్ సగమే దిగి ఉండొచ్చు.

యూఎస్‌బీ పద్ధతిలో కంప్యూటర్ కెమెరాని గుర్తుపట్టకపోతే ముందు వైరు మార్చండి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే వైర్లు ఇళ్ళల్లో బోలెడుంటాయి, వాటిల్లో డేటా వెళ్ళదు. హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకి పెట్టండి.

మధ్యలో ఆగిపోతే

ఇక్కడ ఓపిక కావాలి. అప్‌డేట్ ఎంతవరకు వచ్చిందో స్క్రీన్ మీద చూపించే గీత కదలకపోయినా వెంటనే ఏమీ చేయకండి, అరగంట పైన అలాగే వదిలేయండి. లైటు వెలగట్లేదు, గీత కదలట్లేదు, అంత టైమ్ గడిచింది అంటే అప్పుడు ఆఫ్ చేసి, ఆఫ్ కాకపోతే బ్యాటరీ తీసి, కొన్ని నిమిషాలు ఆగి, ఫుల్ చార్జ్ ఉన్న ఇంకో బ్యాటరీ పెట్టి, కార్డు అలాగే ఉంచి ఆన్ చేయండి. కొన్ని కెమెరాలు తమంతట తామే అప్‌డేట్ స్క్రీన్‌కి తిరిగొస్తాయి, అప్పుడు మళ్ళీ మొదలుపెట్టొచ్చు. లెన్స్ తీసి, కార్డు తీసి కూడా ఒకసారి ఆన్ చేసి చూడండి. అప్పటికీ ప్రాణం లేకపోతే ఇక ఇంట్లో ప్రయోగాలు ఆపేయండి. నెట్‌లో దొరికే రికవరీ టూల్స్ ఎక్కించి బాగుచేద్దామని చూస్తే, సర్వీస్ వాళ్ళు మామూలుగా సరిచేయగలిగేది కూడా బోర్డు మార్చేదాకా పోవచ్చు.

అప్‌డేట్ అయ్యాక వచ్చేవి

కెమెరా హ్యాంగ్ అవుతోంది, మెనూ నెమ్మదిగా ఉంది, బటన్లు వింతగా పనిచేస్తున్నాయి అంటే ముందు సెట్టింగ్స్ మొత్తం రీసెట్ చేయండి. పాత సెట్టింగ్స్‌కి, కొత్త ఫర్మ్‌వేర్‌కి పొసగక ఇలా అవుతుంటుంది. రీసెట్ చేశాక సేవ్ చేసుకున్న ఫైల్ వెంటనే ఎక్కించకుండా, ఫోన్‌లో తీసుకున్న ఫొటోలు చూసి చేత్తోనే పెట్టుకోండి.

ఫోన్ యాప్ కలవకపోతే కెమెరాలోనూ, ఫోన్ బ్లూటూత్ లిస్టులోనూ రెండు చోట్లా పాత జత తీసేసి మళ్ళీ కొత్తగా కలపండి, ఒక్క చోటే తీస్తే సరిపోదు.

వేరే కంపెనీ లెన్సుల దగ్గరే అసలు తలనొప్పి. బాడీ కంపెనీ ఏదో మారుస్తుంది, లెన్స్ కంపెనీకి అది ముందు తెలియదు, ఫోకస్ తడబడుతుంది. కాబట్టి బాడీ అప్‌డేట్‌కి ముందే మీ లెన్స్ కంపెనీ సైట్‌లో ఏమన్నా హెచ్చరిక పెట్టారా చూడండి. సిగ్మా డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సులకి యూఎస్‌బీ డాక్ (లెన్స్‌ని కంప్యూటర్‌కి కలిపి అప్‌డేట్ చేసే పరికరం) ఉంది, టామ్రాన్ వాటికి అలాంటిదే ట్యాప్-ఇన్ కన్సోల్ ఉంది, టామ్రాన్ కొత్త మిర్రర్‌లెస్ లెన్సులకి చాలావాటికి, విల్ట్రాక్స్ వాటికి లెన్స్ మీదే యూఎస్‌బీ పోర్టు ఉంటుంది. గోడాక్స్ ట్రిగ్గర్లకి కూడా సొంత ఫర్మ్‌వేర్ ఉంటుంది, ఫ్లాష్ వెలగకపోయినా, టైమింగ్ తప్పినా అక్కడ చూడండి. లోకల్ బ్యాటరీల్ని కూడా కొన్నిసార్లు అప్‌డేట్ తర్వాత కెమెరా ఒప్పుకోదు, అన్ని బ్యాటరీలూ ఒక్కొక్కటే పెట్టి చూసుకోండి.

కొన్ని ఎర్రర్లు అప్‌డేట్ టైమ్‌లో వచ్చినా దానివల్ల వచ్చినవి కాదు. క్యానన్‌లో ఎర్రర్ 01 అంటే లెన్స్‌కి, బాడీకి మధ్య కాంటాక్ట్ సరిగ్గా లేదని, లెన్స్ తీసి ఆ బంగారు రంగు పిన్నుల్ని పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. ఎర్రర్ 02 అంటే కార్డు సమస్య. 20, 30 లాంటివి వస్తే ఆఫ్ చేసి బ్యాటరీ తీసి పెట్టి చూడండి, పదే పదే వస్తుంటే షట్టర్ దగ్గర ఏదో ఉంది, సర్వీస్‌కి పంపాలి. నికాన్‌లో ఎఫ్‌ఈఈ అని వస్తే కంగారొద్దు, 50 ఎంఎం 1.8డి లాంటి పాత లెన్స్ మీద అపెర్చర్ రింగ్‌ని (లోపలికి వచ్చే వెలుగుని పెంచి తగ్గించే రింగు) 22 దాకా తిప్పి లాక్ చేస్తే పోతుంది.

మళ్ళీ పనిలోకి దింపే ముందు

ఇంట్లోనే ఒక పూట పరీక్ష పెట్టండి. మీ దగ్గరున్న ప్రతి లెన్స్ తగిలించి దగ్గరా, దూరమూ రెండు చోట్లా ఫోకస్ చూడండి, రెండు కార్డుల్లోకీ ఫొటోలు పడుతున్నాయా చూడండి, ఫ్లాష్ కొట్టి చూడండి, మైక్ పెట్టి కనీసం అరగంట వీడియో ఆపకుండా తీసి ఆడియో మొత్తం విని చూడండి, టైమ్, తేదీ సరిగ్గా ఉన్నాయా చూడండి. ఇద్దరు ముగ్గురు కెమెరామెన్ ఉన్న టీమ్‌లో తేదీ తప్పితే ఎడిటర్ దగ్గర క్లిప్పులు కలపడం నరకం. రెండు బాడీలుంటే ఒకదానికే ముందు చేయండి, అది రెండు మూడు చిన్న ఫంక్షన్లు నిలబడ్డాక రెండోదానికి చేయండి.

సర్వీస్ సెంటర్‌కి పంపాల్సి వస్తే బిల్లు, వారంటీ కార్డు, బాడీ అడుగున ఉన్న సీరియల్ నంబర్ ఫొటో తీసి పెట్టుకోండి. కార్డు, స్ట్రాప్, ఫిల్టర్ మీ దగ్గరే ఉంచుకోండి. ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కి చేస్తుండగా ఆగింది, స్క్రీన్ మీద ఏం వచ్చింది, ఏ బ్యాటరీ వాడారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి కెమెరాతో పాటు ఇవ్వండి, జాబ్ షీట్‌లో కూడా రాయించండి. కౌంటర్లో ఉన్న మనిషికి నోటితో చెప్తే అది లోపల రిపేర్ చేసే టెక్నీషియన్ దాకా వెళ్తుందో లేదో తెలియదు. లెన్స్ వల్లే అని అనుమానం ఉంటే ఆ లెన్స్ కూడా పంపి, దాని సీరియల్ నంబర్ కూడా అదే షీట్‌లో వేయించుకోండి.